రెండుసార్లు ఒకే మాట

పలాస లేబొరేటరీలో నా పని
నీళ్లని పంపేసి, మిగిలినదాన్ని తూచడం.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి దండాసి
కూల్‌డ్రింకు సీసాలో బోరు నీళ్లు తెచ్చాడు.
లేబుల్ సగం గీకేసి ఉంది,
మూత చుట్టూ జీడినూనె నలుపు.

వంద మిల్లీలీటర్లు
పింగాణీ గిన్నెలో పోసి ఆవిరి మీద పెట్టాను.
మరగనివ్వకూడదు.
మరిగితే తుళ్లిపోతుంది,
తుళ్లిన చుక్కలో ఏముండేదో
ఇక ఎవరికీ తెలీదు.
తర్వాత ఓవెన్‌లో గంట, నూట ఎనభై డిగ్రీలు.
తర్వాత గాజు డబ్బాలో చల్లార్పు.
డబ్బా అడుగున నీలం గింజలు,
గాలిలో తడి తాగి తాగి గులాబీకి తిరిగేవి.
సముద్రం దగ్గర గాలి మరి, ఊరికే ఉండదు.

తూచాలి. మళ్లీ వేడి, మళ్లీ చల్లార్పు, మళ్లీ తూకం,
రెండు తూకాలూ ఒకే మాట చెప్పేదాకా.
మొదటి తూకాన్ని నమ్మకమ్మా అనేవారు
రిటైరైపోయిన సన్యాసిరాజు గారు,
అందులో ఇంకా కాస్త నీరు
దాక్కుని ఉంటుంది.

"నీల్లు ఎగిరిపోనాయి కదమ్మా,
ఇంకేటి తూస్తావు?"
కిటికీ అవతల నుంచి దండాసి.
గిన్నె వంచి చూపించాను.
అడుగున తెల్లటి పొర,
పాలగిన్నె కడగకుండా వదిలేసినట్టు.

"ఓస్, ఇదా!
మా దాలమ్మ ఎసరు కుండకి ఎప్పుడూ ఉన్నదే.
సింతపండెట్టి తోమితే పోద్ది."
కాసేపాగి,
"తోమీది అదే.
ఇప్పుడు నాను తోముతున్నాను."

అప్పుడు చెప్పాడు.
"దాన్నీ తూత్తారమ్మా, వారానికి రెండుపాల్లు.
మిషను మీద ఎక్కకముందు, దిగినాక.
నీరంతా లాగేసినాక ఎంతుండాలో
డాక్టరు సీటీ మీద రాసేసినాడు.
ముప్పై తొమ్మిదిన్నర.
ఎండు బరువంట."

నా చేతిలో పటకారు ఆగింది.
నా రిజిస్టర్లోనూ ఆ గడి ఉంది,
పేరు కొంచెం సంస్కృతంలో.

మూడో తూకానికి ముందు కరెంటు పోయింది.
ఓవెన్ చల్లబడింది, ఇక చేయగలిగిందేం లేదు.
వరండాలో కూర్చున్నాం.
దండాసి అరచేతులు తెరిచి చూసుకుంటున్నాడు.
రేషన్ మిషను ఈ వేళ్లని ఒప్పుకోదట.
ముప్పై ఏళ్లు పిక్కలు కాల్చిన చేతులు.
గీతలు పోయాయి, నలుపు పోలేదు.
అవి ఉండాల్సింది, ఇది పోవాల్సింది
అని నేను అనబోయి ఊరుకున్నాను.
అతనికి తెలియని సంగతా?

కరెంటు వచ్చింది నాలుగింటికి.
మూడో తూకం. నాలుగో తూకం.
దశాంశం తర్వాత నాలుగో అంకె కూడా కదల్లేదు.
"నిలకడకొచ్చింది" అన్నాను
గిన్నెని చూస్తూ.
అతని ముఖం ఒక్కసారి విచ్చుకుంది.
ఆస్పత్రి బెంచీ మీద
ఈ ఒక్క మాట కోసమే కదా కూర్చునేది.
తప్పు మాట అన్నానేమో.

ఎంత మిగిలిందో మాత్రమే చెప్పగలను, దండాసీ.
ఎందుకో ఈ గిన్నెకి తెలీదు.
ఎక్కడెక్కడి నుంచో పెద్ద పెట్టెలు తెచ్చి
మీ బోర్ల నీళ్లు పట్టుకెళ్లినవాళ్లు
తిరిగొచ్చి ఏం చెప్పారో
నీకే నాకన్నా బాగా గుర్తు.

రిజిస్టర్లో బొటనవేలు ఒత్తాడు.
గీతల్లేని నల్లటి కోడిగుడ్డు.
పక్కనే పేరు రాశాను, పూర్తిగా,
తామాడ దండాసి అని.

మెట్లు దిగుతుంటే అడిగాను,
ఈ వారం ఎలా ఉంది దాలమ్మకి?
వెనక్కి తిరిగి, దాదాపు గర్వంగా,
"నిన్నట్లాగే ఉన్నాదమ్మా" అన్నాడు.

గాజు డబ్బాలో గింజలు గులాబీకి తిరిగాయి.
పళ్లెంలో పోసి ఓవెన్‌లో పెట్టాను.
బస్సు ఒకటి వెళ్లిపోయింది.
అవి మళ్లీ నీలం అయ్యేదాకా
లైటు ఆర్పలేదు.